లైన్లో ఉండండి

జబ్బు పోయి ఏడేళ్లయింది. పోయిందని పేపర్లో పెద్దక్షరాలతో వేశారు. పోతూ పోతూ ఎవరి ఒంట్లో ఏం వదిలిపోయిందో మాత్రం ఎవరూ వెయ్యలేదు.

ప్రాణధార అని, అంబులెన్సు కావాలంటే జనం ఫోన్ చేసే ఆఫీసు. కాకినాడలో, జగన్నాథపురం వంతెన దాటాక, మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ పక్కన. జబ్బు రోజుల్లో అక్కడ అరవైమంది కూర్చుని ఫోన్లెత్తేవాళ్లు. తర్వాత అయిదేళ్లలో ఒక్కొక్కళ్లూ మానేశారు. పని ఎక్కువై కాదు. ఫోన్ మోగితే చెయ్యి లేవక. ఒకావిడ ఫోనెత్తి నోరు తెరిచింది, మాట రాలేదు. మూడు నెలలు ఇంట్లో కూడా రాలేదు. ఇంకొకతను మోగుతున్న ఫోన్‌ని తువ్వాల్లో చుట్టి చెత్తబుట్టలో పెట్టి, అన్నం క్యారేజీ కూడా తీసుకోకుండా ఇంటికెళ్లిపోయాడు. వాళ్లని ఎవరైనా కూర్చోబెట్టి ఏమైందమ్మా అని అడిగారా? లేదు. ఒక శాలువా, ఒక ప్రశంసాపత్రం. అంతే. కొత్తవాళ్ల కోసం నాలుగుసార్లు ప్రకటన వేశారు. ఒక్క దరఖాస్తూ రాలేదు. ఆ హాల్లో ఏం జరిగిందో ఊరందరికీ తెలుసు.

మనిషిని బాగుచెయ్యడం కంటే మెషీన్ పెట్టడం తేలిక. పెట్టారు.

మెషీన్ పేరు అక్క. ఫోన్ మోగగానే అది ఎత్తుతుంది, వింటుంది, మాట్లాడుతుంది. ఏ బండి ఏ ఊరికి వెళ్లాలో తేల్చి డ్రైవరు ముందున్న తెర మీద ఊరి పేరు వేస్తుంది. ఆ మాట తీరు, ఆ తేల్చే తీరు రెండూ ఒక మనిషి దగ్గర నేర్చుకుంది. ఆ మనిషి పెనుమాల రూతు. జబ్బు ఏడాది ఆమె ఎత్తిన నలభైవేల ఫోన్లు రికార్డుల్లో ఉన్నాయి. అవన్నీ దానికి వినిపించారు. ఏ ఫోనుకి రూతు ఏం చేసిందో చూపించారు. రూతునే ఎందుకు ఏరారంటే, ఫిర్యాదుల పుస్తకంలో ఆమె పేరు ఎదురుగా సున్నా. అంత కాలంలో ఆమెని ఒక్కడు తిట్టలేదు. ఒక్కడు శపించలేదు.

చచ్చినవాడు ఫిర్యాదు చెయ్యడన్న సంగతి సున్నా చూసి మురిసిపోయేవాళ్లకి తట్టదు.

రూతుకిప్పుడు నలభై మూడు. ఆమెకీ ఇప్పుడు ఫోన్లెత్తడం చేతకాదు. అందుకని వెనక గదిలో, తనూజ అనే ఇంజనీరు పక్కన కూర్చోబెట్టారు. రోజుకి పది ఫోన్లు వినిపిస్తారు. అక్క తనలాగే మాట్లాడిందా లేదా చెప్పాలి. ఆ పదీ బండి పంపిన ఫోన్లే. పంపనివి ఆ గదిదాకా రావు. అవతలివాళ్లు పెట్టేసిన ఫోన్లకి ‘కాలర్ విరమించారు’ అని ముద్రపడి వేరే చోటికి పోతాయి. అటు ఎవరూ తొంగిచూడలేదు.

ఆ శుక్రవారం పొద్దున్న రూతు గేటు లోపలికి వస్తుంటే డ్రైవరు దానయ్య బానెట్ మీద పేకముక్కలు పరుస్తూ కేకేశాడు.

“ఏం రూతమ్మా! మీ అక్కకి మా మీద ఏమన్నా కోపమా?”

“ఏం?”

“పద్నాలుగు బండ్లు. నిన్న మొత్తానికి రెండు పురుళ్లు, ఒక బైకు యాక్సిడెంటు. ముసిలోళ్లనేవాళ్లే లేరు. ఆయాసం లేదు, గుండెనొప్పి లేదు. అందరూ యోగాలు చేసి కుర్రోళ్లయిపోయారేటి?”

“నన్నెందుకడుగుతావు? దాన్నడుగు.”

“అది నీ గొంతే కదమ్మా. నిన్నడిగితే దాన్నడిగినట్టే.”

మిగతా డ్రైవర్లు నవ్వారు. రూతు నవ్వలేదు. మెట్లెక్కింది.

పదకొండింటికి డైరెక్టరు చక్రపాణి ఒక ముసలాయన్ని భుజం పట్టుకుని మరీ వెనక గదిలోకి తీసుకొచ్చాడు. చక్రపాణి ఆ రోజుల్లో అదే హాల్లో సూపర్‌వైజరు. అప్పట్నుంచీ ఆయన ఎడమ కన్ను అదేపనిగా కొట్టుకుంటుంది. సోమవారం ఇంకో నాలుగు జిల్లాలని అక్కకి అప్పగిస్తున్నారు. ఆ హడావుడిలో ఉన్నాడు.

“చూడు తనూజా, ఈయన ఉప్పాడ నుంచి పనిగట్టుకుని వచ్చారు. మనకి థ్యాంక్స్ చెప్పడానికి! ఇలాంటిదే కావాలి సోమవారానికి. ఒక ఫొటో తీయించండి.”

ముసలాయన పేరు రామలింగం. నేతపనివాడు. మగ్గం గుంటలో యాభయ్యేళ్లు కూర్చున్న కాళ్లు, నిలబడితే వణుకుతున్నాయి. చేతిలో తంపటేసిన తేగల కట్ట.

“అక్క అంటే ఎవరండీ?” అన్నాడు.

తనూజ కంప్యూటరు వైపు చూసింది. తర్వాత రూతు వైపు. “ఈవిడ గొంతేనండీ,” అంది.

“కూర్చోండి బాబాయి,” అంది రూతు.

ఆ ఒక్క మాటకి ముసలాయన మొహం విప్పారింది. “ఆయ్! అదే గొంతు. మీరేనా తల్లీ!” తేగల కట్ట ఆమె ఒళ్లో పెట్టాడు. “మంగళవారం పొద్దున్నండి. మా ఇంటిది చౌడమ్మ కండెలు చుడుతూ చుడుతూ రాట్నం మీదకి ఒరిగిపోయింది. ఆయాసం. మాట రావట్లేదు. ఫోన్ దాని నోటి దగ్గరే పెట్టాను, అదే చెప్పుకుంది. మీరు ఎంత మర్యాదగా మాట్లాడారండి! భయపడకమ్మా, లైన్లో ఉండండి, చూస్తున్నాను అన్నారు. పిల్లనగ్రోవి పాట పెట్టారు. నలభై నిమిషాలు. మధ్యమధ్యలో మళ్లీ వచ్చి, చూస్తున్నానమ్మా అనేవారు. ఒక్కసారి విసుక్కోలేదు. ‘ఆ పిల్ల ఉందా?’ అని అడిగేది నన్ను. ఉందే, మనకోసమే చూస్తోందే అనేవాణ్ణి. అలా వింటూ వింటూనే…”

“బండి?” అంది రూతు.

“రాలేదండి.” ముసలాయన చెయ్యి ఊపాడు, అదో పెద్ద విషయం కానట్టు. “ఖాళీ ఉండొద్దూ? ఎంతమందని చూస్తారు మీరు మాత్రం? మా కోడలు ఫోన్ పెట్టెయ్ మామయ్యా, ఆటో కట్టించుకుని పోదాం అంది. నేనే వద్దన్నాను. ఆ పిల్ల చూస్తోంది కదా, మధ్యలో పెట్టేస్తే బాగోదని.”

మంగళవారం పొద్దున్న కింద బానెట్ మీద పేకాట జరగడం రూతు కళ్లారా చూసింది. పద్నాలుగు బండ్లూ నీడలో ఉన్నాయి.

“మీరేం బాధపడకండి తల్లీ,” అన్నాడు ముసలాయన. “ఒంటరిగా పోలేదండి అది. మీరున్నారు.”

రూతు లేచి, తేగల కట్ట ఆయన చేతిలోనే తిరిగి పెట్టి బయటికెళ్లిపోయింది.

ఆ మాట రూతుదే. లైన్లో ఉండండి, చూస్తున్నాను. ఎవరూ నేర్పలేదు, తనే కనిపెట్టింది.

జబ్బు ముదిరిన నెలలో జిల్లా మొత్తానికి తిరిగే బండ్లు తొమ్మిది. గంటకి ఫోన్లు మూడొందలు. లేదు అంటే అవతల గొంతు పగిలిపోయేది. బతిమాలేవాళ్లు, తిట్టేవాళ్లు, మీ పిల్లలు ఇలాగే పోతారని శపించేవాళ్లు. పక్క కుర్చీలో పద్మజ అని పందొమ్మిదేళ్ల పిల్ల లేదు లేదు లేదు అంటూనే స్పృహ తప్పింది. ఆ రోజు రూతు లేదు అనడం మానేసింది. ఊపిరి వినేది. ఒక్క గుక్కలో నాలుగు మాటలు రానివాళ్లు, అందులో ముసలివాళ్లు, బండి వెళ్లేదాకా ఆగరు. ఆగేవాళ్లకి బండి పంపేది. ఆగనివాళ్లతో తియ్యగా, లైన్లో ఉండండి, చూస్తున్నాను అనేది. పాట పెట్టేది. వాళ్లే ఎప్పుడో పెట్టేసేవాళ్లు, లేదా పెట్టేసే ఓపిక కూడా పోయేది. తిట్టు లేదు, శాపం లేదు. ఆశతో పోయేవాళ్లు. వారంలో హాలంతా నేర్చుకుంది. పద్మజ కూడా. ఎవరూ పైకి అనలేదు, కాగితం మీద పెట్టలేదు. అది ఆ హాలు మర్యాద.

అప్పుడు తప్పా ఒప్పా అని నన్నడక్కండి. తొమ్మిది బండ్లు పెట్టి, మూడొందల ఫోన్లు ఎత్తమన్నవాణ్ణి అడగండి.

ఆదివారం మధ్యాహ్నం. రేచర్లపేటలో రెండు గదుల ఇల్లు. రూతు మొగుడు ఏలియా, గోడలకి రంగులేస్తాడు. కూతురు కెజియా ఇంటర్ చదువుతోంది. ఆ ఇంట్లో ఫోన్ మోగదు. ముగ్గురి ఫోన్లూ ఎప్పుడూ నోరు నొక్కేసి ఉంటాయి. కూతురు స్నేహితులతో మాట్లాడాలంటే సందు చివరికి వెళ్తుంది. కుక్కరు కూడా మూల పడేశారు, విజిలేస్తే రూతు ఉలిక్కిపడుతుందని. చర్చిలో ఎవరో కుర్రాడు పిల్లనగ్రోవి వాయించిన దగ్గర్నుంచి రూతు చర్చికి కూడా పోవడం లేదు. పాస్టరు గారు అడిగితే ఏలియా ఒంట్లో బాగోలేదని చెప్తాడు. ఏడేళ్లుగా అదే చెప్తున్నాడు.

కంచాల ముందు కూర్చున్నారు.

“అమ్మా, పెరుగుందా?” అంది కెజియా.

“ఉండమ్మా, చూస్తున్నాను,” అంది రూతు.

కెజియా చారు పోసుకుని కలిపేసింది.

“అదేంటే, అమ్మ చూస్తానంది కదా,” అన్నాడు ఏలియా.

“అమ్మ చూస్తున్నానంటే లేదని, నాన్నా. నాకు నాలుగో తరగతి నుంచీ తెలుసు.” పిల్ల నవ్వుతూనే అంది. “బయటివాళ్లకి తెలీదు కానీ, మనకి తెలుసు కదా. అమ్మ ఎప్పుడన్నా లేదు అనడం విన్నావా నువ్వు?”

ఏలియా ముద్ద నోటి దగ్గర ఆపాడు. రూతు కంచం తోసేసి లేచింది. చెప్పులేసుకుంది.

“ఎక్కడికి?”

“ఆఫీసుకి.”

“ఆదివారం కూడానా? రూతూ, నిన్ను మళ్లీ ఫోన్ల మీద కూర్చోబెడితే మాత్రం నేను ఊరుకోను చెప్తున్నా. ఆ ఏడాది నిన్ను ఎత్తుకుని స్నానం చేయించాను నేను. మళ్లీ నావల్ల కాదు. నాకూ ఓపికైపోయింది.”

“తెలుసు,” అంది రూతు.

తనూజ ఒక్కతే వెనక గదిలో సోమవారం పని చేసుకుంటోంది. రూతు కుర్చీ లాక్కుని కూర్చుంది.

“అక్కకి పరీక్ష పెట్టు.”

“మొన్ననే పెట్టాం కదండీ. నూటికి నూరు.”

“ఎవరు మాట్లాడారు?”

“మా ఇంజనీర్లే.”

“టిఫిన్లు తిని, ఏసీలో కూర్చుని, కాగితం మీద చూసి చదివారు. మా అమ్మమ్మకి ఆయాసంగా ఉంది, దయచేసి బండి పంపండి. అంతేనా? అంత ఊపిరున్నవాడికి అది పంపుతుందమ్మా. నేను మాట్లాడతాను. ఫోన్ ఇలా ఇవ్వు.”

తనూజ ఆమె చేతుల వైపు చూసింది. “స్పీకర్లో పెడతాను, మీరు పట్టుకోనక్కర్లేదు.”

“వద్దు. చెవికే.”

నంబరు తనూజే కలిపింది. రూతు కళ్లు మూసుకుంది. ఆ ఊపిరి ఆమెకి కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ కాదు. ఏడేళ్లుగా ఆమె చెవిలోనే కాపురం ఉంది. రొమ్ము బిగించింది. గొంతులో పిల్లికూత మొదలైంది.

“నా… తల్లీ… ఊపిరి… ఆడట్లేదు…”

“అయ్యో, అమ్మా.” తన గొంతే. తను ముప్పై ఆరేళ్లప్పటి గొంతు, ఇంకా తడి ఆరని గొంతు. “భయపడకమ్మా. ఊరు చెప్పండి.”

“ఉ… ప్పాడ…”

“అలాగేనమ్మా. లైన్లో ఉండండి, చూస్తున్నాను.”

పిల్లనగ్రోవి మొదలైంది.

తనూజ ముందున్న తెర మీద పద్నాలుగు పచ్చచుక్కలు. పద్నాలుగు ఖాళీ బండ్లు. ఒక్క చుక్కా కదల్లేదు. రెండు నిమిషాలు. అయిదు. తనూజ లేచి నిలబడింది. “కట్ చెయ్యండి, రూతు గారూ. తెలిసింది. చాలు.”

రూతు తల అడ్డంగా ఊపింది. పాట ఆగింది. “చూస్తున్నానమ్మా, ఇక్కడే ఉన్నాను.” మళ్లీ పాట. ఎంత తియ్యగా ఉందో ఆ మాట. తను కల్పించిన మాట, తనకే నమ్మాలనిపించింది. చూస్తోంది కదా. మధ్యలో పెట్టేస్తే బాగోదు. పదకొండో నిమిషంలో తనూజే ఆమె చేతిలోంచి ఫోన్ లాక్కుంది. వేళ్లు ఒక్కొక్కటీ విడదీయాల్సొచ్చింది.

“ఇది ఎక్కడ నేర్చుకుంది?” అంది తనూజ. “మేం నేర్పలేదండీ. ఎక్కడిదిది?”

“నా దగ్గర.”

చెప్పింది. మొత్తం. తొమ్మిది బండ్లు, ఊపిరి వినడం, హాలు మర్యాద. ఏడేళ్లలో మొగుడికి కూడా చెప్పనిది, ముప్పై ఏళ్లు నిండని పిల్లకి ఒక్క గుక్కలో చెప్పేసింది.

తనూజ ‘కాలర్ విరమించారు’ అన్న ఫోన్లు తెరిచింది. అక్క వచ్చిన పద్దెనిమిది నెలల్లో అవి ఎన్ని ఉన్నాయో చూసి, మళ్లీ మూసేసింది.

“ఆ ఒక్క మాట దాంట్లోంచి తీసెయ్యి,” అంది రూతు.

“ఉడికిన పప్పులోంచి ఉప్పు తియ్యమంటున్నారు మీరు. అది మాట కాదండీ. దాని తేల్చే తీరే అది. ముసలి ఊపిరి వినగానే పోయేవాళ్లే అని తేల్చేస్తోంది. బండ్లున్నాయా లేదా అని చూడనే చూడట్లేదు. మీ నలభైవేల ఫోన్లలో బండి ఖాళీగా ఉన్న రోజు ఒక్కటీ లేదు. దానికి అదే లోకం.”

“జబ్బు పోయిందని దానికెవరూ చెప్పలేదు,” అంది రూతు. “నాకూ ఎవరూ చెప్పలేదులే.”

కబురందుకుని చక్రపాణి వచ్చేసరికి తనూజ పరీక్ష కాగితం రాస్తోంది. ప్రాణధారలో ఒక నియమం ఉంది. పరీక్ష తప్పినట్టు ఎక్కితే మెషీన్ తప్పుకోవాలి, ఫోన్లు తిన్నగా హాల్లోకి మళ్లాలి. కాగితం మీద పెట్టుకున్న నియమం. ఎప్పుడూ అవసరం పడలేదు.

“ఆగమ్మా, ఆగు,” అన్నాడు చక్రపాణి. “సోమవారం అయ్యాక చూసుకుందాం. చిన్న లోపం. సర్దుదాం.”

“లోపం కాదు సార్,” అంది రూతు. “నేను.”

చక్రపాణి కుర్చీలో కూలబడ్డాడు. కన్ను కొట్టుకుంటోంది. “నాకు తెలీదనుకున్నావా రూతూ? మీ వెనకాలే నిలబడ్డాను నేను. మీరంతా ఆ మాట అంటుంటే విన్నాను. మా అన్నయ్య ఆ హాలుకే ఫోన్ చేశాడు. ఎవరెత్తారో ఇప్పటిదాకా చూడలేదు, చూడను. నువ్వు ఆ మాట కనిపెట్టకపోతే ఆ పిల్లల్లో సగంమంది ఉరేసుకునేవాళ్లు. అందుకే నీకు శాలువా కప్పించాను.”

“అప్పుడు బండ్లు లేవు సార్. ఇప్పుడు కింద పేకాడుతున్నాయి.”

“ఆపేస్తే ఫోన్లెవరెత్తుతారు? చెప్పు. రమ్మంటే వచ్చేవాడు జిల్లాలో ఒక్కడున్నాడా? నువ్వెత్తుతావా?”

రూతు కుడిచేతిని ఒళ్లోకి లాక్కుంది.

“అదీ సంగతి,” అన్నాడు చక్రపాణి. గెలిచినట్టు కాదు, అలసిపోయినట్టు. “ఎవరం ఎత్తలేం. అందుకే అది ఉంది.”

తనూజ కలం పట్టుకుని రూతు మొహంలోకి చూసింది. “కారణం అన్నచోట ఏం రాయమంటారు?”

“జరిగింది రాయి. కింద నా పేరు రాయి. పెనుమాల రూతు. ఆ ముసలాయన చదివించుకుంటే తెలియాలి.”

తనూజ రాసింది. తర్వాత తెర మీద ఒక గడిలో ‘తప్పింది’ అని నొక్కింది.

ఒక నిమిషం ఏమీ కాలేదు. తర్వాత గోడ అవతల, పద్దెనిమిది నెలలుగా మూసి ఉన్న హాల్లో, ఒక ఫోన్ మోగింది.

చక్రపాణి చెవులు మూసుకున్నాడు. నిజంగానే, చిన్నపిల్లాడిలాగా, రెండు చేతులతో.

రూతు హాలు తలుపు తోసింది. అరవై కుర్చీలు. వాటి మీద ప్లాస్టిక్ గుడ్డ, గుడ్డ మీద దుమ్ము. తన కుర్చీ మూడో వరసలో కిటికీ పక్క. అదే మోగుతోందా, ఇంకోటా? అన్నీ ఒకేలా ఉంటాయి. ఆరోసారి మోగింది. ఏడు. కాళ్లు నడిచాయి కానీ చెయ్యి లేవలేదు. వెనక నుంచి తనూజ వచ్చి పక్క కుర్చీ మీద గుడ్డ లాగేసి కూర్చుంది. ఆ పిల్లకి ఈ పని రాదు. అయినా కూర్చుంది.

తొమ్మిదోసారి రూతు ఫోనెత్తింది.

ఊపిరి. ముందు ఊపిరే వినిపించింది. పిల్లికూత, మధ్యలో ఖాళీ, మళ్లీ కూత. ఒక్క గుక్కలో రెండు మాటలు కూడా రావట్లేదు. ముసలాయన.

“ఎవ… రమ్మా…”

“లైన్లో…” అంది రూతు నోరు. దానంతటదే. నాలిక కొరుక్కుంది, ఉప్పగా తగిలింది. “ఏ ఊరు నాన్నా?”

“తాళ్ల… రేవు… రామాలయం… వెనక…”

కిటికీ తలుపు తోసి కిందకి అరిచింది. ఏడేళ్ల తర్వాత అరిచింది. “దానయ్యా! తాళ్లరేవు! రామాలయం వెనక సందు. ఆక్సిజన్ పెట్టుకుని పో!”

పేకముక్కలు నేలమీద చెల్లాచెదురయ్యాయి. బండి తలుపు దభీమని పడింది.

“బండి బయల్దేరింది,” అంది ఫోన్లో. “దిళ్లు పెట్టుకుని నిటారుగా కూర్చోండి. తలుపు తీసి ఉంచమనండి. ఇక ఫోన్ పెట్టెయ్యండి.”

“పెట్టె… య్యకమ్మా… ఉండు… కాసేపు…”

“ఉండను నాన్నా. బండి వస్తోంది. పెట్టెయ్యండి.”

అవతల ఊపిరి ఇంకా అక్కడే ఉంది. రూతే పెట్టేసింది. ఆ ఏడాదంతా, నలభైవేల ఫోన్లలో, ఊపిరాడని మనిషి ఇంకా మాట్లాడుతుండగా ఆమె పెట్టేసిన ఫోన్ ఒక్కటీ లేదు.

కింద సైరన్ గేటు దాటి తాళ్లరేవు వైపు పోయింది.

రెండో ఫోన్ మోగుతోంది. వెనకాలే మూడోది. కుడిచెయ్యి మళ్లీ లేవనంది. బల్ల మీద చచ్చిన చేపలా పడుంది. రూతు ఎడమచేత్తో దాని మణికట్టు పట్టుకుంది. లేపింది. ఫోన్ మీద పెట్టింది.